సున్నాగారి బదిలీ

భాస్కరం బదిలీ ఫైలుకి ఒకే ఒక్క సంతకం తక్కువైంది. మిగిలిన సంతకాలన్నీ కింది సెక్షన్ నుంచి పై సెక్షన్‌కీ, పై సెక్షన్ నుంచి పక్క సెక్షన్‌కీ తిరిగి తిరిగి కాళ్లరిగాక వచ్చి చేరాయి. ఆఖరిది మండువారిపేట తూనికలు కొలతల కార్యాలయానికి అధిపతి అయిన త్రివిక్రమరావుగారిది. అది పడితే భాస్కరం గోగులపాలెం వెళ్లిపోతాడు. గోగులపాలెం హైస్కూల్లో ఆయన భార్య రత్నమాణిక్యం లెక్కల టీచరు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ అక్కడ, ఈయన ఇక్కడ. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్లడం, సోమవారం పొద్దున్నే బస్సెక్కి రావడం. చుట్టాలు దాన్ని కాపురం అనేవారు. భాస్కరానికి మాత్రం అది ఆదివారం ఒక్కరోజే తెరిచే కొట్టులా ఉండేది.

ఆ సోమవారం సంతకం పడుతుందని గట్టి నమ్మకంతో, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ ఆఫీసుకొచ్చాడు. తీరా చూస్తే త్రివిక్రమరావుగారు అంతకు ముందురోజే ఏదో కొండమీద జరిగిన అధికారుల శిక్షణ ముగించుకుని దిగివచ్చి ఉన్నారు.

ఆయన శిక్షణకు వెళ్లడం ఆఫీసుకి కొత్త కాదు. ఒకసారి వెళ్లొచ్చి అందర్నీ నిలబడి పనిచేయమన్నారు. ఇంకోసారి వెళ్లొచ్చి కుర్చీలన్నీ ఈశాన్యానికి తిప్పించారు. రెండూ వారం తిరక్కుండానే చల్లారిపోయాయి. ఈసారి శిక్షణ ఇచ్చినాయన ఎవరో గాని గట్టిగానే ఇచ్చాడు. త్రివిక్రమరావుగారి కళ్లు ఎర్రగా ఉన్నాయి. జేబులో రెండు చేతిరుమాళ్లు ఉన్నాయి. పదకొండు కొట్టేసరికి నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వేలాడింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, మనిషికి లక్ష్యము ఉండవలెను. లక్ష్యమునకు వెనుక భావోద్వేగము ఉండవలెను. భావోద్వేగము లేని లక్ష్యము ముద్ర లేని తూకపురాయితో సమానము. కావున ప్రతి ఉద్యోగి తన వ్యక్తిగత లక్ష్యమును, తత్సంబంధిత భావోద్వేగముతో సహా, దిగువ సంతకందారు సమక్షమున ప్రకటించి ధ్రువీకరణ ముద్ర పొందవలెను. ముద్ర పొందని వారి సెలవు, పదోన్నతి, బదిలీ వగైరా ఏ కోరికయు పరిశీలింపబడదు."

ఇన్‌స్పెక్టరు దొరబాబు సర్క్యులర్ రెండుసార్లు చదివి భాస్కరం వైపు జాలిగా చూశాడు. దొరబాబు అంటే బజారులో దుకాణదారులందరికీ హడల్. తక్కెడ కింద అయస్కాంతం పెట్టినా, రాయి అడుగున తొలిచినా ఆమడ దూరం నుంచే వాసన పట్టేస్తాడు.

"ఏవండీ భాస్కరంగారూ, మీకు ఏడుపొస్తుందాండి?"

"ఎందుకు?"

"రాకపోతే బదిలీ రాదండి మరి."

భాస్కరం ముఖం గురించి ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఆ ముఖానికి పుట్టినప్పటి నుంచీ ఒకటే భంగిమ. తేలు కుట్టినా అంతే, తీపి పెట్టినా అంతే. పెళ్లి ఫొటోల్లో నవ్వమని ఫొటోగ్రాఫరు బతిమాలి బతిమాలి, చివరికి తనే ఏడ్చినంత పని చేశాడు. అంతమాత్రాన లోపల ఏమీ లేదనుకుంటే పొరపాటు. లోపల సంతలా ఉంటుంది. ఆ గోల బయటికి వినపడే ఏర్పాటే దేవుడు చెయ్యలేదు.

మధ్యాహ్నం ఆయన వంతు వచ్చింది. త్రివిక్రమరావుగారు ముద్ర, సిరాదిమ్మా దగ్గర పెట్టుకుని కూర్చున్నారు.

"మీ వ్యక్తిగత లక్ష్యం ప్రకటించండి."

"మా ఆవిడతో కలిసి ఒక ఇంట్లో ఉండటమండి."

"ఊఁ. సమంజసమైన లక్ష్యమే. భావోద్వేగం?"

"ఉందండి."

"ఎక్కడ?"

"లోపలండి."

త్రివిక్రమరావుగారు బరువుగా నిట్టూర్చారు. "చూడండి భాస్కరం. కొట్లో కందిపప్పు ప్యాకెట్ అమ్ముతారు. లోపల పప్పుంది అంటే మన శాఖ ఊరుకుంటుందా? నికర బరువు పైన ముద్రించి ఉండాలా, వద్దా?"

"ఉండాలండి."

"మీ ముఖమ్మీద ఏమీ ముద్రించి లేదు. పైన ప్రకటించని సరుకు లోపల ఉన్నట్టు శాఖ గుర్తించజాలదు. వెళ్లి, ప్రకటించుకుని రండి."

ఫైలు మళ్లీ కిందికి దిగింది. దాంతోపాటే భాస్కరం ఉత్సాహం కూడా దిగింది. కానీ అదీ లోపలే దిగింది.

ఆయన తర్వాత వెళ్లిన తోటి సీనియర్ అసిస్టెంటు శేషారత్నం, జీవితంలో ఒక్కసారైనా కాశీ చూడాలి అంటూ పమిట కొంగు తడిసేలా ఏడ్చి, ముద్ర వేయించుకుని బయటపడింది. దొరబాబు ఒక చేపల చెరువు కావాలని భోరుమన్నాడు. చెరువు తవ్వకముందే సగం నిండింది. అతనికీ ముద్ర పడింది.

పేచీ మర్నాడు మొదలైంది. శేషారత్నం లక్ష్యానికీ దొరబాబు లక్ష్యానికీ ఒకే ముద్ర వేయడమేమిటి, ఎవరి భావం ఎంత అని ఎలా తెలుస్తుంది అని స్టాఫ్ అంతా గోల పెట్టారు. ఇంకే ఆఫీసులోనైనా అయితే ఈ ప్రశ్నకి జవాబు దొరక్క ఆ పథకం అక్కడే నీరుగారిపోయేది. కానీ అది తూనికలు కొలతల ఆఫీసు. ఎంత అని అడిగితే వాళ్లకి ప్రాణం లేచి వస్తుంది.

బంగారం కొట్ల తక్కెడలు సరిచూడటానికి వాడే సున్నితమైన త్రాసు ఒకటి అద్దాల పెట్టెలో ఉండేది. దాన్ని బయటికి తీశారు. గాలికి ముల్లు కదులుతుందని ఫ్యాన్లు ఆపించారు. పొడి చేతిరుమాలు ముందు తూచి, దాన్ని ఉద్యోగి చేతికిచ్చి, లక్ష్యం చెప్పించి, ఏడ్చాక తడి రుమాలు మళ్లీ తూచేవారు. తేడా ఎంతో అదే ఆ లక్ష్యపు నికర భావం.

ఫ్యాన్లు ఆపిన గదిలో, మార్చి నెల ఎండల్లో, మనుషులకు చెమటలు పట్టడం సహజం. దొరబాబు రుమాలు అందరికంటే బరువు తూగింది. అతను కళ్లతో పాటు మెడ కూడా తుడుచుకున్నాడని తోటి ఇన్‌స్పెక్టరు పట్టేశాడు. అది కల్తీ అన్నాడు. కల్తీ మన శాఖ పరిధిలోకి రాదు, ఆహార శాఖది అన్నారు త్రివిక్రమరావుగారు. కన్నీరు ఆహార పదార్థమా కాదా తెలియజేయగలరని ఆహార శాఖకి లేఖ కూడా వెళ్లింది. ఈలోగా అమృతాంజనం రాసిన రుమాళ్లు కొన్ని, ముందే తడిపి మడతపెట్టి తెచ్చినవి కొన్ని పట్టుబడ్డాయి. దుకాణాల మీద దాడులు చేయాల్సిన ఇన్‌స్పెక్టర్లు ఒకరి జేబుల మీద ఒకరు దాడులు చేసుకుంటూ తీరిక లేకుండా గడిపారు. ఆ వారం ఊళ్లో వంకాయలు ఎవరు ఎంత తూచినా అడిగే నాథుడు లేడు.

అసలు విచిత్రం ఇంకోటుంది. ముద్ర తొందరగా పడాలంటే ఏడుపు తొందరగా రావాలి. అందుకని జనం మనసులో ఉన్న కోరికలు మాని, ఏడుపొచ్చే కోరికలు ఏరుకోవడం మొదలుపెట్టారు. భోజనాల దగ్గర శేషారత్నం ఆ మాటే చెప్పుకుని వాపోయింది.

"నాకు కాశీ ఎందుకండీ భాస్కరంగారూ? స్కూటరు నేర్చుకోవాలని ఉంది నాకు. చిన్నప్పట్నించీ అదే పిచ్చి. కానీ స్కూటరు తలుచుకుంటే నాకు నవ్వొస్తుందండి. నవ్వు తూకానికి రాదంటగా!"

"మరి మార్చుకోండి."

"ఎలా మారుస్తానండీ? ముద్ర పడ్డాక మారిస్తే ముద్ర చెరిపిన నేరమంట. సెలవు కూడా శాంక్షన్ చేసేశారు. కాశీ వెళ్లి తీరాలంట."

శేషారత్నం పచ్చడి కలుపుకుంటూ నిజంగానే ఏడ్చింది. అప్పుడు తూచడానికి ఎవరూ దగ్గర లేరు.

ఆ ఆదివారం గోగులపాలెంలో మాణిక్యం భర్తను ఏడిపించడానికి నడుం కట్టింది. ముందు ఉల్లిపాయలు తరగమంది. ఆయన తరిగి, పొట్టు కూడా ఎత్తేసి వచ్చాడు. ఆవిడ మేనత్త పోయిన రోజు సంగతి మొదట్నించీ చెప్పుకొచ్చింది. చెబుతూ చెబుతూ ఆవిడే ముక్కు చీదుకుంది. భాస్కరం మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"పోనీ, ఇక మీకు బదిలీ ఎప్పటికీ రాదనుకోండి. అలా అనుకుని చూడండి."

ఆయన అనుకున్నాడు. లేచి వెళ్లి, పెరట్లో బట్టలారేసే తీగ వదులైందని బిగించడం మొదలెట్టాడు. తర్వాత కుళాయి బిగించాడు. ఆ పైన తలుపు గడియకి నూనె పోశాడు.

మాణిక్యం గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. "వద్దులెండి, ఇక ఆపండి" అంది కాసేపటికి. "నాకు తెలుసు. ఆదివారం పొద్దు వాలేసరికి ఈ ఇంట్లో మీరు బిగించని మేకంటూ ఉండదు. వెళ్లాలంటే మీకెంత బాధగా ఉంటుందో నాకు కనపడుతూనే ఉంటుంది. ఆ త్రివిక్రమరావుగారికే కళ్లు లేవు."

భాస్కరం నూనె సీసా మూత పెట్టాడు. తనని ఒక మనిషి ఇంత బాగా చదివేసిందన్న సంతోషమూ, ఆ మనిషిని వదిలి పొద్దున్నే బస్సెక్కాలన్న దిగులూ రెండూ లోపల తోపులాడుకున్నాయి. ముఖం మాత్రం నూనె సీసా మూత పెడుతున్న మనిషి ముఖంలానే ఉంది.

సోమవారం ఆయన ఆఫీసుకి వచ్చేసరికి త్రాసు మళ్లీ అద్దాల పెట్టెలోకి వెళ్లిపోయి ఉంది. ఎండకి రుమాళ్లు తూకం మధ్యలోనే ఆరిపోతున్నాయట. ఆరుదలకి తరుగు ఇవ్వాలా వద్దా అన్నదాని మీద కొట్లాట అయిందట. త్రివిక్రమరావుగారు అందర్నీ సమావేశపరిచి గంభీరంగా ఉపన్యసిస్తున్నారు.

"మిత్రులారా! మనం మౌలిక సూత్రాన్ని విస్మరించాం. కొట్లో రాయిని మనం దేంతో సరిచూస్తాం? మన దగ్గరున్న ప్రామాణిక రాయితో. ఆ రాయిని దేంతో సరిచూస్తాం? పై ఆఫీసులో ఉన్న రాయితో. మరి ఉద్యోగి భావోద్వేగాన్ని దేంతో సరిచూడాలి? ఒక ప్రామాణిక మనిషితో! ఎండకి కరగనివాడు, వానకి నాననివాడు, కరెంటు పోయినా చలించనివాడు మనకు కావాలి. అలాంటివాణ్ణి ఎదురుగా కూర్చోబెడితే, వాడికంటే పైన ఎంత కనిపిస్తే అంతా భావమే. ఏ తక్కెడకైనా ముందు సున్నా స్థిరంగా ఉండాలి. సున్నా స్థిరంగా లేని సమాజం..."

ఆయన వాక్యం పూర్తి చెయ్యనక్కర్లేకపోయింది. సమావేశం మొత్తం తల తిప్పి, తలుపు దగ్గర సంచి పట్టుకుని నిలబడ్డ భాస్కరం వైపు చూసింది.

ఆ సాయంత్రానికల్లా ఉత్తర్వులు వచ్చాయి. భాస్కరం ఇక సీనియర్ అసిస్టెంటు కాదు, శూన్య ప్రమాణాధికారి. ఆఫీసంతా నోరారా సున్నాగారు అనడం మొదలుపెట్టింది. ప్రమాణాలన్నీ అద్దాల పెట్టెలో ఉండాలన్నది నియమం కాబట్టి హాలు మధ్యలో ఒక అద్దాల గది కట్టించారు. ఏసీ పెట్టారు. ముఖమల్ గుడ్డ పరిచిన కుర్చీ వేశారు. వార్తలకి మనసు కదులుతుందని పేపరు ఇవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతాయని ఆవకాయ ఇవ్వలేదు. టీవీ సీరియల్ కథలు శేషారత్నం ఆ చుట్టుపక్కల ఎవరితోనూ మాట్లాడకూడదని ప్రత్యేకంగా మెమో ఇచ్చారు.

అంతవరకూ భాస్కరం ఓర్చుకున్నాడు. ఓపిగ్గా ఉంటే సంతకం పడుతుందని ఆయన ఆశ. అద్దం లోంచే అడిగాడు.

"అయ్యా, నా బదిలీ ఫైలు..."

"ఫైలా?" త్రివిక్రమరావుగారు ఆశ్చర్యపోయారు. "మూసేశాం. ప్రామాణిక రాయిని ఎక్కడైనా ఊళ్లు తిప్పుతారటయ్యా? ప్రమాణము కార్యాలయ సరిహద్దు దాటరాదు. అయినా మీకిప్పుడు లక్ష్యంతో పనేముంది? అందరి లక్ష్యాలకీ మీరే ఆధారం!"

భార్యను చూడ్డానికి వారానికోసారైనా వదలమని బతిమాలితే, ఆదివారం ఒక్కరోజుకి ఒప్పుకున్నారు. అదీ ఇన్‌స్పెక్టరు దొరబాబు వెంట రావాలన్న షరతు మీద. దొరబాబు బస్సులో పక్క సీట్లో కూర్చున్నాడు. ఇంట్లో ఎదురుగా కూర్చున్నాడు. మొగుడూ పెళ్లాలు రెండు మాటలు మాట్లాడుకుంటే మధ్యలో తొంగిచూశాడు.

"ఏమనుకోకండమ్మా, డ్యూటీ అండి" అన్నాడు మాణిక్యంతో, పీట లాక్కుని తను కూడా భోజనానికి కూర్చుంటూ.

సోమవారం అతను ఇచ్చిన నివేదికలో, గుత్తివంకాయ కూర వడ్డించు సమయమున ప్రమాణము కుడి కనుబొమయందు స్వల్ప చలనము గమనించడమైనది అని రాశాడు. దాంతో ఆదివారాలు కూడా రద్దయ్యాయి. ఆఫీసు వెనక ఉన్న స్టోరు గదిలోనే మంచం వేశారు.

భాస్కరానికి ఉన్నదల్లా ఆ ఒక్క ఆదివారం. అదీ పోయింది. రోజంతా అద్దాల వెనక కూర్చుని, ఎదుటి కుర్చీలోకి ఒకరి తర్వాత ఒకరు వచ్చి కోరికలు చెప్పుకుంటుంటే వినేవాడు. ఒకరికి మేడ కావాలి, ఒకరికి పొట్ట తగ్గాలి, ఒకరికి పక్కింటివాడి మేడ కూలాలి. అందరికీ ముద్రలు పడేవి. ముందే ముద్ర పడ్డవాళ్లకి కూడా ఆయనతో సరిచూసి మళ్లీ వేశారు. తనది మాత్రం ఇంటికి వెళ్లాలన్న కోరిక. అడగడానికి కూడా వీల్లేని కోరికై కూర్చుంది.

మండువారిపేట పథకం పేరు పై దాకా పాకింది. రాష్ట్రమంతా అమలు చేద్దామన్న ఉత్సాహంతో కమిషనర్‌గారే స్వయంగా చూడ్డానికి వచ్చారు. హాలుకి తోరణాలు కట్టారు. అద్దాలు తుడిచారు. భాస్కరాన్ని కూడా తుడిచారు.

ప్రదర్శన రంజుగా సాగుతుండగా గుమ్మం దగ్గర కలకలం రేగింది. రెండు ఆదివారాలు చూసి చూసి, మూడోవారం స్కూలుకి మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి, మాణిక్యం బస్సెక్కి వచ్చేసింది. దొరబాబు అడ్డం పడ్డాడు.

"ఆగండమ్మా, లోపల కమిషనర్‌గారున్నారు!"

"ఉండనీవయ్యా. నా మొగుడు కూడా ఉన్నాడుగా లోపల!"

"ఎవరావిడ?" అన్నారు కమిషనర్‌గారు.

"సున్నాగారి భార్యండి" అన్నాడు దొరబాబు.

త్రివిక్రమరావుగారికి చెమటలు పట్టాయి. కమిషనర్‌గారికి మాత్రం ముఖం వెలిగిపోయింది. "భేష్! ఇంతకు మించిన పరీక్ష ఏముంటుంది? ఆమెను మాట్లాడనివ్వండి. భార్య మాటకి కూడా చలించకపోతే, ఇది రాష్ట్ర స్థాయి ప్రమాణం. రాజధానిలో పెట్టిస్తాను."

రాజధాని అన్న మాట భాస్కరానికి అద్దంలోంచి వినపడింది. కదిలితే ఏమవుతుందో తెలియదు. కదలకపోతే మాత్రం గోగులపాలెం ఇంకా దూరమైపోతుంది. తీరా కదులుదామన్నా, ఎప్పుడూ చేసిన పని కాదు, ఎటునుంచి మొదలుపెట్టాలో ఆయనకి తెలీదు.

మాణిక్యం ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఎండలో వచ్చిందేమో ముఖం కందిపోయి ఉంది. ఏడవలేదు. కేకలూ వెయ్యలేదు. ఇంట్లో పాలు అయిపోయాయని చెప్పే గొంతుతోనే చెప్పింది.

"ఏమండీ, నేనొకటి అనుకున్నాను. మిమ్మల్ని వీళ్లు ఎలాగూ వదలరు. నేనే ఉద్యోగం మానేసి ఇక్కడికి వచ్చేస్తాను. పిల్లలకి ఎవరో ఒకరు లెక్కలు చెప్పకపోరు."

హాల్లో అందరూ భాస్కరం కనుబొమల వైపు చూస్తున్నారు. భాస్కరం మాణిక్యం చేతుల వైపు చూస్తున్నాడు. వేళ్ల సందుల్లో ఇంకా సుద్దముక్క పొడి ఉంది. లెక్కలంటే వణికిపోయే పిల్లల్ని ఒక్కొక్కర్నీ దగ్గర కూర్చోబెట్టుకుని ఆవిడ ఎలా దారికి తెచ్చుకుంటుందో ఆయన ఎన్ని ఆదివారాలు విన్నాడో! ఆ కబుర్లు చెప్పేటప్పుడు ఆవిడకి అన్నం చల్లారిపోయిన సంగతి కూడా తెలిసేది కాదు. అలాంటి మనిషి ఎవరో ఒకరు చెప్పకపోరు అంటోంది.

"వీల్లేదు!"

ఏసీ శబ్దం తప్ప ఇంకేమీ వినపడని హాల్లో ఆ కేక ఎవరిదో మొదట ఎవరికీ అర్థం కాలేదు. భాస్కరానికి కూడా అర్థం కాలేదు. చూసేసరికి తను నిలబడి ఉన్నాడు, అద్దం తలుపు బార్లా తెరిచి ఉంది, ముఖమల్ గుడ్డ కాళ్ల కింద ఉంది.

"వీల్లేదంటే వీల్లేదు! ఆవిడ ఉద్యోగం ఎందుకు మానాలి? నా ఇంటికి నేను వెళ్లడానికి మధ్యలో మీ తక్కెడేంటండీ? నాకు మా ఆవిడంటే ఇష్టం! ఆవిడ పక్కన కూర్చుని అన్నం తినాలని ఉంది! రోజూ తినాలని ఉంది! అదే నా లక్ష్యం, అదే నా భావం! తూచుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం!"

గొంతు వణికింది. ముఖం ఎర్రబడింది. ముక్కుపుటాలు అదిరాయి. పెళ్లినాడు ఫొటోగ్రాఫరు చూడలేకపోయినవన్నీ ఒక్కసారే ఆ ముఖమ్మీదికి వచ్చేశాయి. మాణిక్యం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతమంది ముందు సిగ్గేసిందో, నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో ఆవిడ తర్వాత ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు.

త్రివిక్రమరావుగారు తల పట్టుకున్నారు. "అయిపోయింది! ప్రమాణం చెడిపోయింది!"

"ఎంత?" అన్నారు కమిషనర్‌గారు ఆదుర్దాగా. "సున్నా ఎంత జరిగింది?"

"ఎంత జరిగిందో కొలవాలంటే సున్నా కావాలండి. ఉన్న సున్నా ఇదొక్కటే."

కమిషనర్‌గారికి విషయం తలకెక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక కుర్చీలోంచి లేచారు. "అయితే ఈయన్ని చూసి వేసిన ముద్రలన్నీ?"

"చెల్లవండి."

వెనక వరుసలో శేషారత్నం చప్పట్లు కొట్టి, అందరూ చూసేసరికి దోమల్ని కొడుతున్నట్టు నటించింది. ఆవిడకి కాశీ తప్పిపోయింది.

కానీ అసలు గండం ఇంకోటి ఉంది. అది దొరబాబుకి గుర్తొచ్చింది. చెడిపోయిన తూకపురాయి పొద్దుగూకాక ఏ ఆవరణలో కనిపించినా ఆ ఆవరణ యజమాని మీద కేసు పెట్టాలి. ఆ నియమం కింద త్రివిక్రమరావుగారు బజారులో ఎంతమంది మీద కేసులు పెట్టారో లెక్క లేదు. ఇప్పుడు ఆవరణ ఆయనది, పొద్దు వాలుతోంది, చెడిపోయిన ప్రమాణం హాలు మధ్యలో నిలబడి ఆయాసపడుతోంది.

"తమరి ప్రధాన కార్యాలయానికి పంపించేస్తానండి" అన్నారు త్రివిక్రమరావుగారు.

"నా ఆవరణలోకా? ఏమయ్యా, నన్నిరికిద్దామనా?"

"పోనీ, మరమ్మతుకి..."

"మనిషికి మరమ్మతు ఎక్కడ చేస్తారయ్యా?"

ఇద్దరు అధికారులూ కిటికీలోంచి సూర్యుడి వైపు చూశారు. సూర్యుడు ఎవరి హోదానీ పట్టించుకోకుండా దిగిపోతున్నాడు. అప్పుడు మాణిక్యం లేచి నిలబడింది.

"మా ఊరు పంపించెయ్యండి. మా ఊళ్లోనూ మీ ఆఫీసుంది. పగలు అక్కడ పడుంటారు, రాత్రికి మా ఇంట్లో పడుంటారు. మా ఇంట్లో చెడిపోయిన సామాన్లు చాలా ఉన్నాయి. వాటి పక్కన ఈయనొకరు."

కమిషనర్‌గారు నిలబడే ఉత్తర్వు చెప్పారు, నిలబడే సంతకం పెట్టారు. "మండువారిపేట కార్యాలయపు శూన్య ప్రమాణము భావోద్వేగ కారణమున శాశ్వతముగా చెడిపోయినందున, మరమ్మతుకు వీలుకానిదిగా నిర్ధారించి, తక్షణము గోగులపాలెమునకు తరలించడమైనది." నియమం ప్రకారం చెడిపోయిన ప్రమాణం మీద రద్దు ముద్ర పడాలి. ఎక్కడ వేయాలో తెలియక దొరబాబు కాసేపు తచ్చాడి, చివరికి మొహమాటపడుతూ భాస్కరం చొక్కా జేబు మీద వేశాడు.

బస్సులో మాణిక్యం ఆ ముద్ర వైపు చూసి అంది. "కొత్త చొక్కా. నాశనం చేశారు. శాశ్వతంగా చెడిపోయారని రాశారు కూడా. బాధగా ఉందా?"

భాస్కరం ఆలోచించాడు. "లేదు" అన్నాడు. అని, నవ్వాడు. ఆ నవ్వు మరీ అంత బాగా ఏమీ లేదు. అలవాటు లేని పని కదా. మాణిక్యం మాత్రం దాన్ని దారి పొడుగునా చూస్తూనే కూర్చుంది.

గోగులపాలెం ఆఫీసు చిన్నది. అక్కడి అధికారి కమలాకరంగారు వయసులో భాస్కరం కంటే చాలా చిన్నవాడు, తక్కువగా మాట్లాడే మనిషి. తరలింపు ఉత్తర్వు ఆసాంతం చదివి మడతపెట్టారు. తర్వాత సొరుగులోంచి ఇంకో కాగితం తీశారు. పథకం మూలపడలేదు. ప్రమాణం దొరికేదాకా అంచనా మీద నడిపించమని కమిషనర్‌గారు అన్ని ఆఫీసులకీ రాశారట.

"మన్నించండి, అడగక తప్పదు" అన్నారు కమలాకరంగారు. "మీ వ్యక్తిగత లక్ష్యం చెప్పండి."

"నెరవేరిపోయిందండి."

"నెరవేరింది చెల్లదని రాశారు. కొత్తది ఏదైనా..."

భాస్కరం తల గోక్కున్నాడు. ఇంకేం కావాలో ఎంత ఆలోచించినా తోచలేదు. చివరికి ఉన్నమాట చెప్పాడు. "సాయంత్రం ఇంటికి వెళ్లడమండి."

"ఇవాళా?"

"రోజూనండి."

కమలాకరంగారు కలం పట్టుకున్నారు, రాయలేదు. "మీ ఇల్లు ఎంత దూరం?"

"నడిచే దూరమేనండి. ఆ చివర."

"ఓహో." ఆయన కలం బల్ల మీద పెట్టేశారు. "మావాళ్లు అనంతపురంలో ఉంటారు. మా పాప ఫోన్లో అయితే నన్ను గుర్తుపడుతుందండి. ఎదురుగా వెళ్తే వాళ్లమ్మ వెనక దాక్కుంటుంది."

ఈ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఒక్క గీత కదల్లేదు. ఎవరైనా చూస్తే పప్పు ధర చెబుతున్నాడనుకుంటారు. చెప్పి, బల్ల మీద ఉన్న గుండుసూదుల డబ్బా తెచ్చుకుని, వంకరగా ఉన్న సూదుల్ని ఒక్కొక్కటే తిన్నగా గుచ్చడం మొదలుపెట్టారు. భాస్కరం ఆ సూదుల వైపు కాసేపు చూశాడు. అలాంటి ముఖం వెనక ఏముంటుందో ఆయనకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

"లేవండి సార్" అన్నాడు. "మా ఆవిడ ఈపాటికి బియ్యం కడుగుతూ ఉంటుంది. ఇంకో గిద్దెడు పొయ్యమని చెబుదాం."

కమలాకరంగారు గోడ గడియారం వైపు చూశారు, బల్ల మీద ముద్ర వైపు చూశారు. సూదుల డబ్బా పక్కన పెట్టి, లేచి, ఆఫీసుకి తాళం వేసి ఆయన వెంట నడిచారు.